పక్కవాని వాద్యం
(మన సంఘం నెలసరి గోష్ఠిలో చదివిన ప్రసంగ పాఠం)



మేము విద్వాంసులం కాము. మెట్రిక్ వరకు చదివి రైల్వే పార్సెల్ ఆఫీసులో గుమాస్తాగా బతుకు వెళ్ళదీస్తున్నవాళ్ళం. సంగీతంలో మాకున్న ఆస్తి ఒక హార్మోనియం పెట్టె, మన నాటకాలకు దానిమీద వాయించిన పదిహేనేళ్ళ అలవాటు. అటువంటి మేము ఈ సాయంకాలం జాజ్ సంగీతం గురించి మాట్లాడతామంటే మీలో కొందరికి నవ్వు రావచ్చు. "ఉగాది దగ్గర పడుతుంటే పంచాంగం మాట, పచ్చడి మాట వదిలిపెట్టి ఈ అమెరికా బాకాల గోల ఏమిటండీ?" అని కార్యదర్శిగారు కూడా అడిగారు. కారణం ఉంది. ముందు అది మనవి చేసి, తరువాత విషయంలోకి వస్తాము.

మూడేళ్ళ క్రిందటి ఉగాది రాత్రి మన వేదికమీద హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను ఆడాము. హరిశ్చంద్రుడి వేషం కట్టిన పెద్దాయన మీ అందరికీ తెలిసినవారే. ఇప్పుడూ ముందు వరుసలో కూర్చున్నారు. పేరు చెప్పవద్దన్నారు కనుక చెప్పము. బొంబాయిలో మిల్లులు నడిచిన రోజుల్లో సాంచాలమీద పనిచేసి, షిఫ్టు దిగివచ్చి రాత్రిళ్ళు పద్యాలు నేర్చుకున్నవారు. ఆ రాత్రి ఆయన రాగం తీసి ఆగినచోటల్లా మేము పెట్టె అందుకొని వాయించాము. ఆయన ఊపిరి కోసం ఆగుతున్నారని అనుకున్నాము. శ్మశానంలోని నిశ్శబ్దం సభకు వినబడాలని ఆగుతున్నారని మా బుర్రకు తోచలేదు. చప్పట్లు మా వైపు వచ్చేసరికి మేము మరీ రెచ్చిపోయాము. తెర పడ్డాక ఆయన భుజంమీది కంబళి మడత పెట్టుకుంటూ, "బిడ్డా, నువ్వు నా పద్యం విన్నవా, నీ పెట్టె విన్నవా?" అని ఒక్క మాట అడిగారు. అంతే. తరువాత రెండు ఉగాదులకు ఆయన వేషం కట్టలేదు. గొంతు పోయిందని అందరితో చెప్పుకున్నారు. గొంతు పోలేదని మాకు తెలుసు.

ఆ ప్రశ్నకు ఆ రాత్రి మేము జవాబు చెప్పలేకపోయాము. చాలా రోజుల తరువాత, ఎక్కడో అమెరికాలో తీసిన రికార్డు ఒకటి వింటుండగా ఆ ప్రశ్న మళ్ళీ మా చెవిలో మోగింది. కనుకనే ఈ ప్రసంగం.

జాజ్ మన బొంబాయికి నిన్న మొన్న వచ్చిన చుట్టం కాదు. 1935లోనే లియాన్ అబ్బీ అనే నల్లజాతి వయొలిన్ విద్వాంసుడు తన బృందంతో వచ్చి తాజ్‌మహల్ హోటల్లో వాయించాడు. వాళ్ళను విని నేర్చుకున్న గోవా వాద్యకారులు ఆ విద్యను హిందీ సినిమా వాద్యగోష్ఠులలోకి తీసుకువెళ్ళారు. 1958లో డేవ్ బ్రూబెక్ అనే పియానో విద్వాంసుడు తన నలుగురి బృందంతో మన దేశమంతా తిరిగి, బొంబాయిలో సితార్ విద్వాంసులు అబ్దుల్ హలీం జాఫర్ ఖాన్‌గారితో కూర్చుని వాయించాడు. ఈ బ్రూబెక్ సంగతి మళ్ళీ వస్తుంది.

ఇక మా సంగతి. చోర్ బజారులో పాత రికార్డులు అమ్మే దుకాణంలో మా ఆఫీసు మిత్రుడొకాయన మాచేత ఒక రికార్డు కొనిపించారు. ఆయన గోవావారు. వాయించే యంత్రం కూడా ఆయనదే. ఆ రికార్డు పేరు 'కైండ్ ఆఫ్ బ్లూ'. 1959లో మైల్స్ డేవిస్ అనే ట్రంపెట్ విద్వాంసుని బృందం న్యూయార్కులో, ఒకప్పుడు చర్చిగా ఉండి తరువాత రికార్డింగ్ శాలగా మారిన భవనంలో వాయించింది. ఆ భవనం ఇప్పుడు లేదు. మార్చి 2న ఒకసారి, ఏప్రిల్ 22న ఒకసారి కలుసుకున్నారు. రెండు రోజుల్లో అయిదు రచనలు. రికార్డంతా కలిపి ముప్పావు గంట మాత్రమే.

వినని వారికోసం ఈ పద్ధతి కొంచెం చెప్పాలి. చిన్న జాజ్ బృందమంటే నలుగురు మొదలు ఏడుగురి వరకు ఉంటారు. ముందు అందరూ కలిసి ఒక పల్లవివంటిది వాయిస్తారు. ఆ పల్లవికి ఇన్ని ఆవర్తాలని లెక్క ఉంటుంది. పిమ్మట ఒక్కొక్కరు వంతు ప్రకారం, ఆ లెక్క తప్పకుండా, మనవాళ్ళు కల్పనస్వరాలు వేసినట్టుగా తమకు తోచింది అప్పటికప్పుడు వాయిస్తారు. చివర మళ్ళీ పల్లవి. ఒకరు వాయిస్తున్నప్పుడు తక్కినవారు ఊరుకోరు. బాస్ అనే నిలువెత్తు తంత్రీవాద్యం వేళ్ళతో మీటుతూ లయను నడిపిస్తుంది. డ్రమ్ములవాడు తాళపు బిళ్ళమీద పుల్లతో నడకను నిలబెడతాడు. పియానోవాడు అక్కడక్కడ నాలుగైదు స్వరాలు కలిపి అందిస్తాడు. ఈ అందించడంలోనే ఉంది కిటుకంతా. ఎంత అందించాలి, ఎప్పుడు అందించాలి, ఎప్పుడు చెయ్యి తీసివేయాలి అన్నవి ఎవరూ కాగితంమీద రాసి ఇవ్వరు.

'కైండ్ ఆఫ్ బ్లూ'కు రాసి ఇచ్చినది మరీ తక్కువ. డేవిస్ ఏ రచనకు ఏ స్వరాల వరుసో కొద్ది గుర్తులు మాత్రం తెచ్చాడు. ముందుగా సాధన చేయించలేదు. అయినా అయిదు రచనలలో నాలుగింటికి, మొదటినుంచి చివరి దాకా పూర్తిగా వాయించినది ఒక్కసారే. ఆ ఒక్కసారి వాయించినదే రికార్డుమీద ఉంది. 'ఫ్లమెంకో స్కెచెస్' అనే దానిని మాత్రం రెండుసార్లు పూర్తిగా వాయించారు.

వారెవరని అడుగుతారేమో. డేవిస్‌కు అప్పుడు 32 ఏళ్ళు. టెనర్ సాక్సోఫోన్ వాయించిన జాన్ కోల్ట్రేన్‌కు కూడా అంతే. ఆల్టో సాక్సోఫోన్ కానన్‌బాల్ ఆడర్లీకి, డ్రమ్ముల జిమ్మీ కాబ్‌కు 30. పియానో బిల్ ఎవాన్స్‌కు 29. బాస్ పాల్ చాంబర్స్‌కు 23. అందరూ ఇంచుమించు మా ఈడువాళ్ళో, మాకంటే చిన్నవాళ్ళో.

మొదటి రచన పేరు 'సో వాట్'. మన మాటలో చెప్పాలంటే "అయితే ఏమిటట?" అని. పియానో, బాస్ రెండూ నెమ్మదిగా, దారి వెతుక్కుంటున్నట్టుగా మొదలుపెడతాయి. తరువాత పల్లవి ఎత్తుకొనేది ట్రంపెట్ కాదు, సాక్సోఫోన్ కాదు. అందరికంటే చిన్నవాడైన చాంబర్స్, ఎప్పుడూ వెనుక నిలబడే బాస్‌మీద ఎత్తుకుంటాడు. అతను ఒక వాక్యం అంటాడు. పియానో రెండు దెబ్బలతో "సో వాట్" అన్నట్టు జవాబు చెబుతుంది. కొంతసేపటికి ఊదేవాళ్ళు ముగ్గురూ ఆ జవాబులో కలుస్తారు. యజమాని పేరు అట్టమీద పెద్ద అక్షరాలతో ఉంది. రికార్డులో తొలి పల్లవి మాత్రం కుర్రవాడిది. పెద్దవాళ్ళు వంత పాడుతున్నారు!

మన చెవికి ఆ స్వరాలు కొత్తగా ఉండవు. వాళ్ళు డోరియన్ అని పిలిచే ఆ వరుస మన ఖరహరప్రియ స్వరస్థానాలే. త్యాగరాజస్వామివారు "చక్కని రాజమార్గము" కృతిని కూర్చిన రాగం అదే. గమకాలూ పోకడలూ వేరు కనుక రాగం ఒకటే అనలేము గాని, మెట్లు మాత్రం అవే. పల్లవికి 32 బార్ల లెక్క, ఒక్కొక్క బారుకు నాలుగు దెబ్బలు. మొదటి 16 బార్లు ఒక శ్రుతిలో, తరువాతి 8 అరస్వరం పైకి జరిపి, చివరి 8 మళ్ళీ మొదటి చోట. అంతకు ముందు జాజ్‌లో స్వరసమూహాలు గబగబా మారిపోతుండేవి. వాయించేవాడు వాటివెంట పరుగెత్తవలసి వచ్చేది. ఇక్కడ పరుగు లేదు. ఒకే చోట 16 బార్లు నిలవాలి. ఏం వాయించాలన్న దానికంటే ఏది వాయించకుండా ఉండాలన్నది పెద్ద పరీక్ష అయింది.

డేవిస్ వంతు ముందు వస్తుంది. సరిగ్గా ఆ అడుగులో కాబ్ తాళపు బిళ్ళమీద ఒక్క దెబ్బ వేస్తాడు. ఆ మోత చాలాసేపు గాలిలో నిలుస్తుంది. డేవిస్ దాని కిందనుంచి, తక్కువ స్వరాలతో, మాటకు మాటకు మధ్య చోటు వదులుతూ నడుస్తాడు. ఆ వదిలిన చోటులో ఎవరూ దూరరు. ఇది మొదటిసారి విన్నప్పుడే మాకు కాటిసీను గుర్తుకు వచ్చి మనసు చివుక్కుమంది.

తరువాత కోల్ట్రేన్. ఇతను పూర్తిగా వేరే మనిషి. స్వరంమీద స్వరం తోసుకువస్తుంది. ఆకలిగొన్నవాడు అన్నం తిన్నట్టుగా వాయిస్తాడు. డేవిస్ పద్ధతి తనకు పనికిరాదని అతనికి తెలుసు. అతని పద్ధతి మార్చాలని డేవిస్ చూడలేదు. ఆ తరువాత ఆడర్లీ నవ్వు ముఖంతో, ఇంటి అరుగుమీద కబుర్లు చెప్పినట్టు వస్తాడు. ముగ్గురికీ ఒకే 32 బార్ల లెక్క, ఒకే స్వరాలు. ముగ్గురి కిందా చాంబర్స్ నడక తప్పదు, కాబ్ పుల్ల తడబడదు. ఆఖరున ఎవాన్స్ పియానో. అప్పుడు ఊదేవాళ్ళు ముగ్గురూ వెనక్కి తగ్గి, మొదట పియానో చెప్పిన ఆ "సో వాట్" జవాబును అతని వెనుక మెల్లగా ఊదుతారు. ఇంతసేపూ తమకు అందించినవాడికి ఇప్పుడు వాళ్ళు అందిస్తున్నారు. పెళ్ళిలో వడ్డించినవాణ్ణి చివరి పంక్తిలో కూర్చోబెట్టి వడ్డించినట్టుగా ఉంటుంది.

ఇంకొక సంగతి చూడండి. 'బ్లూ ఇన్ గ్రీన్' అనే రచనలో ఆడర్లీ అసలు వాయించడు. అంతటి విద్వాంసుడు ఒక రచన మొత్తం నోరు మూసుకొని ఉన్నాడు. మన గోష్ఠిలో ఎవరినైనా "ఈ పాటకు మీరు వద్దండీ" అని చూడండి, మరునాడు చందా రసీదు పుస్తకం వెనక్కి వస్తుంది!

ఉద్యోగులమైన మనకు బాగా అర్థమయ్యే విషయం ఒకటి ఉంది. బిల్ ఎవాన్స్ 1958 చివరలోనే ఆ బృందం విడిచిపెట్టాడు. అప్పటినుంచి వేరొకరిని చూసుకొని, 1959 నాటికి వింటన్ కెల్లీ అనే అతన్ని పియానోకు పెట్టుకున్నారు. తీరా రికార్డు తీసే రోజున డేవిస్ ఎవాన్స్‌నే పిలిపించాడు. ఖాయం పోస్టులో ఉన్నవాడు కెల్లీ, కుర్చీలో కూర్చున్నవాడు ఎవాన్స్. ఆఫీసులో ఇటువంటిది జరిగితే ఎన్ని అర్జీలు, ఎన్ని ముఖాలు మాడ్చుకోవడాలు! కెల్లీకి దక్కింది 'ఫ్రెడ్డీ ఫ్రీలోడర్' ఒక్కటే. ఆ రోజు ముందుగా రికార్డు చేసింది కూడా దానినే. దానిని వినండి. పల్లవి కాగానే మొదటి వంతు కెల్లీదే. ఉల్లాసంగా, ఎడమ చెయ్యి కుడి చెయ్యి పోటీపడుతున్నట్టు వాయించాడు. మనసులో ఏముందో మనకు తెలియదు. వేళ్ళలో మాత్రం అలక లేదు. అందరికంటే తక్కువ అవకాశం వచ్చినవాడు ఆ తొమ్మిదిన్నర నిమిషాలకు పండుగ తెచ్చాడు.

మా రికార్డు విషయంలో ఒక చిక్కు కూడా చెప్పాలి. ఆ స్వరాలు పట్టుకుందామని హార్మోనియం దగ్గర పెట్టుకుని కూర్చుంటే, మొదటి వైపు రచనలు ఏ మెట్టుకూ సరిపోలేదు. రెండు మెట్ల నడుమ పడుతున్నాయి. రెండో వైపు తిప్పితే చక్కగా కలుస్తున్నాయి. పెట్టె చెడిందనుకుని శ్రుతి చేయించాము, డబ్బు దండుగైంది. చివరకు తెలిసినదేమంటే, మార్చి 2వ తేదీన టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగిందట. అందువల్ల మామూలు వేగంతో వాయిస్తే శ్రుతి కొంచెం పైకి పోతుంది. మొదటి వైపున్న మూడు రచనలూ 30 ఏళ్ళకు పైగా ప్రపంచమంతా అలాగే వినబడ్డాయి. పక్కన సరిగ్గా తిరిగిన మరో యంత్రం టేపు ఉండబట్టి 1990లలో సవరించారు. ఇప్పుడు ఫోనులో వినేవారికి సాధారణంగా సవరించినదే దొరుకుతుంది. మాకు ఆశ్చర్యం కలిగించింది వేరు. యంత్రం తప్పినా ఆ ఆరుగురి పొందిక చెడలేదు. అందరూ ఒకరితో ఒకరు కలిసి ఉన్నారు కనుక, పైకి పోతే అందరూ కలిసే పోయారు.

ఇప్పుడు బ్రూబెక్ దగ్గరికి వస్తాము. అదే 1959 వేసవిలో, అదే శాలలో, అతని నలుగురి బృందం 'టైమ్ అవుట్' అనే రికార్డు ఇచ్చింది. అందులో 'టేక్ ఫైవ్' అనే రచన అయిదు దెబ్బల లెక్కమీద నడుస్తుంది. మనకు ఖండచాపు ఉగ్గుపాలతో వచ్చిన లెక్క. వాళ్ళకు నాలుగు దెబ్బలే అలవాటు, అయిదు అంటే కత్తిమీద సాము. సాక్సోఫోన్ వాయించిన పాల్ డెస్మండ్ ఆ బాణీ కట్టాడు. డ్రమ్ముల జో మొరెల్లో మధ్యలో తని ఆవర్తనంవంటిది వాయించాడు. అతను లెక్కతో ఆటలాడుతూ ఎక్కడెక్కడికో పోతుంటాడు. ఆ సమయంలో బ్రూబెక్ ఏం చేస్తున్నాడో గమనించండి. బృందం అతని పేరుమీద ఉంది. పియానోలో చెయ్యి తిరిగినవాడు. అయినా మొదటినుంచి చివరిదాకా ఒకే చిన్న నడకను, అవే దెబ్బలను, తిరిగి తిరిగి వాయిస్తూ కూర్చున్నాడు. అతను దారి తప్పకుండా ఉన్నాడు కనుకనే మొరెల్లో ధైర్యంగా దారి తప్పగలిగాడు. మన పాయింట్స్‌మన్‌కు ఎవరూ పూలదండ వేయరు గాని, అతను కదలకుండా తన చోట ఉన్నాడనే నమ్మకంమీదనే గదా మెయిలు అంత వేగంతో పోతుంది.

ఇంకొక మాట చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది. డేవిస్ బృందంలో ఎవాన్స్ ఒక్కడే తెల్లవాడు. బ్రూబెక్ బృందంలో బాస్ వాయించే యూజీన్ రైట్ ఒక్కడే నల్లవాడు. ఆ రోజుల అమెరికాలో ఇది చిన్న విషయం కాదు. ఎవాన్స్‌ను తీసుకున్నందుకు డేవిస్‌ను తనవాళ్ళే కొందరు తప్పుపట్టారు. 'కైండ్ ఆఫ్ బ్లూ' 1959 ఆగస్టు 17న విడుదలైంది. ఆగస్టు 25 రాత్రి న్యూయార్కులో, తాను కచేరీ చేస్తున్న క్లబ్బు బయట నిలబడిన డేవిస్‌ను పోలీసులు తల పగిలేట్టు కొట్టారు. 1960లో దక్షిణ రాష్ట్రాల కళాశాలలవారు రైట్‌కు బదులు తెల్లవాణ్ణి తెచ్చుకోమంటే బ్రూబెక్ ఒప్పుకోలేదు. చాలా కచేరీలు రద్దయ్యాయి. డబ్బు పోయింది. మనిషిని వదులుకోలేదు. పరాయి ప్రాంతంలో మూడు నాలుగు తరాలుగా బతుకుతున్న మనకు, ఒక్కడే వేరుగా ఉన్నవాడి స్థితి విడమరిచి చెప్పనక్కర లేదు.

ఇంతకూ ఆ పొందిక ఎలా కుదిరింది? వాళ్ళు విడదీయరాని స్నేహితులా అంటే, అదీ కాదు. 'బ్లూ ఇన్ గ్రీన్' బాణీ తనదని ఎవాన్స్ తరువాత చెప్పుకున్నాడు. అట్టమీద మాత్రం డేవిస్ పేరే ఉంది. కోల్ట్రేన్ 1960లో తన దారి తాను చూసుకున్నాడు. ఆ ఆరుగురూ కలిసి అటువంటిది మళ్ళీ చేయలేదు. చాంబర్స్ 33 ఏళ్ళకే పోయాడు, కోల్ట్రేన్ 40కి, కెల్లీ 39కి. అందరిలోకీ చివరిదాకా మిగిలిన కాబ్ 2020లో కన్నుమూశాడు. స్నేహం, ఒకే స్వభావం, దీర్ఘకాలపు సాధన, ఇవన్నీ ఉంటే మంచిదే. కాని వాళ్ళకు ఆ రెండు రోజులూ అక్కరకు వచ్చింది వేరొకటి. పక్కవాడు ఏం చెప్పబోతున్నాడో వినాలన్న ఆత్రం. తాను ఏం వాయించాలన్నది అది విన్న తరువాతే నిర్ణయించుకున్నారు.

పెద్దాయన అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పగలము. ఆ రాత్రి మేము మా పెట్టెనే విన్నాము. పద్యం వినలేదు. చప్పట్లు కూడా మా చెవికి పద్యంకంటే దగ్గరగా వినబడ్డాయి. తప్పు మాది. మూడేళ్ళుగా చాటున చెబుదామని చూశాము, నోరు రాలేదు. సభలో చేసిన తప్పు సభలోనే ఒప్పుకోవడం న్యాయమని ఈ వేళ మీ అందరి ఎదుట చెబుతున్నాము.

కార్యదర్శిగారికి ఒక మనవి. ఈ ఉగాది రాత్రికి నాటకం పట్టీలో కాటిసీనుకు చోటు పెట్టండి. పెద్దాయనకు ఒక మనవి. తాతా, మీరు వేషం కట్టండి. హార్మోనియం మమ్మల్నే వాయించమంటారా, వేరేవారిని పెట్టమంటారా అన్నది మీ ఇష్టం. వేరేవారిని పెడితే మేము తెర లాగుతాము. మమ్మల్నే పెడితే, మీరు ఆగిన చోట మేమూ ఆగుతాము. మళ్ళీ మీరు ఎత్తుకొనే దాకా మెట్టుమీద వేలు పెట్టము.

 కొత్త సంవత్సరం మన ఇళ్ళలో ఆరోగ్యాన్ని, మన సంఘంలో పొత్తును నిలపాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటాము. నమస్కారం.